ఎర్ర గడి వెనక ఏ జబ్బు ఉంది: కంటి నరం స్కానింగును చదివే తీరు

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో కంటాసుపత్రిలో ఓసీటీ, అంటే కంటి వెనక పొరల స్కానింగు, తీయించుకున్నవాళ్ల చేతికి ఒక రంగుల కాగితం వస్తుంది. రెండు కళ్లకీ రెండు గుండ్రటి బొమ్మలు, వాటి చుట్టూ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్లు, గళ్లలో అంకెలు. కుడి కంటి నరం పొర సగటు మందం 62 అని ఎర్ర గడిలో పడిందనుకోండి. ఇల్లు చేరేసరికి "నరం ఎండిపోనాదట" అన్న మాట వీధంతా పాకిపోతుంది. ఆ 62 నీటికాసుల (గ్లాకోమా) వల్ల పడి ఉండొచ్చు. మూడేళ్ల కిందట వచ్చి తగ్గిపోయిన నరం వాపు వదిలిన మచ్చ కావచ్చు. మెదడు అడుగున పిట్యూటరీ గడ్డ నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు. టీబీ మాత్రల్లో ఒకటి పడకపోయి ఉండొచ్చు. ఇవేవీ లేకుండా, మైనస్ 8 పవరున్న కన్ను కూడా ఎర్ర గళ్లు చూపించగలదు.

మిషను కొలిచేది మందం ఒక్కటే. ఆ మందం ఏ పొరలో మారింది, ఏ మూల మారింది, ఒక కంట్లోనా రెండింట్లోనా, ఎన్ని వారాల్లో మారింది అన్నవి కలిపి చూస్తేనే జబ్బు పేరు బయటపడుతుంది. కాగితం మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండే సగటు అంకె, తేడా పట్టడానికి అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది.

కంటి వెనక కనిపించేది

కంటి నరం సుమారు 10 నుంచి 12 లక్షల సన్నని పోగుల కట్ట. ఈ పోగులు కంటి లోపలి తెర అయిన రెటీనాలోని గ్యాంగ్లియన్ కణాల నుంచి మొదలై, రెటీనా పైపొరలో పరుచుకుని నాలుగు వైపుల నుంచీ వచ్చి, డిస్కు అనే చోట ఒక్కసారిగా వెనక్కి మళ్లి మెదడు వైపు వెళ్తాయి. డిస్కు అడ్డంగా చూస్తే ఒకటిన్నర మిల్లీమీటరు, పెద్ద ఆవగింజంత. దాని మధ్య ఉండే గుంటని కప్పు అంటారు, చుట్టూ గులాబీ రంగులో ఉండే అంచుని రిమ్ము అంటారు. మనిషి శరీరంలో ఒక నరాన్ని కోత లేకుండా నేరుగా కళ్లతో చూడగలిగేది ఇక్కడే.

ఫండస్ ఫోటో ఈ డిస్కు రంగునీ, అంచునీ, రక్తనాళాలనీ చూపిస్తుంది. ఓసీటీ 840 నానోమీటర్ల దగ్గరి పరారుణ కాంతిని పంపి, అది ఏ లోతు నుంచి తిరిగొచ్చిందో లెక్కగట్టి, రెటీనాని కేకు ముక్కలా అడ్డంగా కోసినట్టు చూపిస్తుంది. 5 మైక్రాన్ల తేడాని పట్టగలదు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 1991లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతోంది.

నరం జబ్బుల్లో రెండు కొలతలు కీలకం. ఒకటి ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే డిస్కు చుట్టూ దాదాపు మూడున్నర మిల్లీమీటర్ల వ్యాసంతో గీసిన వలయం మీద నరపు పోగుల మందం. ఆరోగ్యవంతుల్లో సగటున 90 నుంచి 100 మైక్రాన్లు, ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం. వయసుతో పదేళ్లకి 2 మైక్రాన్ల వంతున దానంతటదే తగ్గుతుంది. రెండోది రెటీనా నడిమధ్య, సూటిగా చూసే చోటైన మాక్యులా దగ్గర గ్యాంగ్లియన్ కణాల పొర. దాని కింది పొరతో కలిపి కొలిస్తే 80 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. మొదటిది తీగలు, రెండోది ఆ తీగలు పుట్టే బల్బులు. వాపొస్తే తీగలు ఉబ్బుతాయి, బల్బులు ఉబ్బవు. జబ్బుల్ని విడదీసే పనంతా ఈ చిన్న తేడా మీదే నడుస్తుంది. అందుకే డిస్కు స్కాన్ ఒక్కటే తీసి మాక్యులా స్కాన్ వదిలేస్తే సగం సమాచారం పోయినట్టే. దానికి తోడు, నరం జబ్బని పంపిన చూపు మాంద్యం నిజానికి మాక్యులాలో నీరు చేరడం వల్లో, బయటి పొర చెడడం వల్లో అయిందని ఆ రెండో స్కానే చెప్తుంది.

రంగుల గళ్ల లెక్క

మిషను కంపెనీ కొన్ని వందల మంది ఆరోగ్యవంతుల కొలతలు తీసి లోపల పెట్టుకుంటుంది. మీ వయసు వాళ్లలో అడుగున ఉండే 1 శాతంలో మీ కొలత పడితే ఎరుపు. 1 నుంచి 5 శాతం మధ్య పసుపు. ఆపైన ఆకుపచ్చ. అంటే ఏ ఒక్క గడిని తీసుకున్నా, ఏ జబ్బూ లేని 100 మందిలో ఒకరికి అది ఎర్రగా రావడం లెక్క ప్రకారమే జరుగుతుంది. ఒక కంటికి సగటు గడి, 4 భాగాలు, గడియారం అంకెల్లా 12 ముక్కలు, మొత్తం 17 గళ్లు. రెండు కళ్లకీ 34. ఇన్ని గళ్లలో ఎక్కడో ఒకటి ఎర్రబడటం వింతేమీ కాదు. ఆ వందల మందిలో భారతీయుల వాటా కూడా చాలా తక్కువ. 18 ఏళ్లలోపు పిల్లలకైతే చాలా మిషన్లలో పోల్చడానికి లెక్కే ఉండదు.

ఎక్కువ పవరున్న కళ్ల సంగతి వేరు. మైనస్ 6 దాటిన కంటిలో, డిస్కు పైన, కింద మందంగా ఉండే నరపు పోగుల రెండు గుట్టలూ కణత వైపు జరిగిపోతాయి. మామూలు కంటిలో గుట్ట ఉండాల్సిన చోట మిషను వెతుకుతుంది, అక్కడ పల్లం కనిపిస్తుంది, ఎరుపు వేస్తుంది. దీన్ని కంటి డాక్టర్లు "ఎర్ర జబ్బు" అని వేళాకోళంగా అంటారు, ఎందుకంటే కాగితానికి తప్ప మనిషికి జబ్బుండదు.

దీని తలకిందుల తప్పు మరీ ప్రమాదం. డిస్కు వాచినప్పుడు ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్ 180కో 250కో పెరుగుతుంది. సిర్రస్ మిషన్లో అలాంటి గడి తెల్లగా వస్తుంది, ఎరుపు ఎక్కడా ఉండదు. "ఎరుపు లేదు కదా, బాగానే ఉంది" అనుకుంటే మెదడులో ఒత్తిడి పెరిగిన మనిషిని ఇంటికి పంపినట్టవుతుంది. పాత నీటికాసుల నష్టం మీద కొత్త వాపు వచ్చినా ఇలాగే జరుగుతుంది. రెండూ కలిసి సగటు 95 అవుతుంది, గడి పచ్చగా నవ్వుతుంది.

వాచిందా, పలచబడిందా

కాగితం చేతికి రాగానే తేల్చాల్సింది ఇదే. వాచిన డిస్కు అంచులు ఫోటోలో చెరిగిపోయి ఉంటాయి, రక్తనాళాలు అక్కడక్కడ మునిగిపోతాయి, ఓసీటీలో వలయం గీత మామూలు రెండు గుట్టలు దాటి పైకి లేస్తుంది. రెండు కళ్లలోనూ వాపుంటే స్కానింగు పక్కన పెట్టి ముందు బీపీ చూడాలి. 180/120 దాటిన బీపీతోనే రెండు డిస్కులూ వాచగలవు, అప్పుడు ఎమ్మారై కన్నా ముందు కావాల్సింది ఫిజీషియన్. ఆ బీపీని గంటలో దబ్బున దించినా నరానికి రక్తం అందక చూపు పోవచ్చు కాబట్టి దించే పని ఆసుపత్రిలో మెల్లగా జరగాలి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఈ మాట రెండుసార్లు చెప్పుకోవాలి. ఉద్దానం కిడ్నీ జబ్బులో తొలి దశల్లో బీపీ పెద్దగా పెరగకపోవచ్చు. ముదిరాక పెరుగుతుంది, ఒక్కోసారి ఆ సంగతి మొదట కంట్లోనే కనిపిస్తుంది.

బీపీ మామూలుగా ఉండి రెండు డిస్కులూ వాచి ఉంటే, మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగిందనే అనుమానంతో ముందుకెళ్తారు. దీన్ని పాపిలెడీమా అంటారు. కారణం గడ్డ కావచ్చు, టీబీ గడ్డ కావచ్చు, కాన్పయిన కొద్ది వారాల్లో మెదడు సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు, బరువు పెరిగిన యువతుల్లో కారణం తెలియకుండా పెరిగే ఒత్తిడి కావచ్చు. చిత్రమేమిటంటే ఇందులో తొలి రోజుల్లో చూపు 6/6, అంటే పూర్తిగా, ఉంటుంది. వంగి లేచినప్పుడు కొన్ని సెకన్లు చీకటి కమ్మడం, తలనొప్పి, చెవిలో గుండె చప్పుడు, ఇవే ఫిర్యాదులు. ఓసీటీలో ఒక జాడ ఉంది. డిస్కు పక్కన, రెటీనా అడుగున ఉండే బ్రూక్ పొర మామూలుగా వెనక్కి వాలి ఉంటుంది. నరం చుట్టూ ద్రవం ఒత్తిడి పెరిగితే అది కంటి లోపలి వైపుకి, విట్రియస్ అనే జెల్లీ వైపుకి వంగుతుంది. రక్తం అందక వచ్చిన వాపులో ఇలా సాధారణంగా వంగదు. అయితే వంగనంత మాత్రాన ఒత్తిడి లేదని తీర్మానించడానికి లేదు.

పాపిలెడీమా అనుకుని పంపిన వాళ్లలో కొందరికి వాపే ఉండదు. డిస్కులోపల చిన్నతనం నుంచి పేరుకున్న సున్నపు గులకలు దాన్ని ఉబ్బెత్తుగా చేస్తాయి. వీటిని డ్రూసెన్ అంటారు. వీటి వల్ల అనవసరంగా నడుములో సూది గుచ్చి నీరు తీయించుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వీటిని పట్టడానికి ఖరీదు తక్కువ మార్గం కంటి అల్ట్రాసౌండు. గెయిన్, అంటే మిషను ప్రతిధ్వనిని పట్టే తీవ్రత, తగ్గిస్తూ పోతే తక్కినవన్నీ మసకబారినా సున్నపు గులక చుక్కలా మెరుస్తూనే ఉంటుంది. ఆటోఫ్లోరసెన్స్ ఫోటోలో పైకి తేలిన డ్రూసెన్ తెల్లగా వెలుగుతుంది. లోతున ఉన్నవి లోపలి పొరలు బాగా చూపించే ఈడీఐ పద్ధతి ఓసీటీలో, నల్లటి గర్భం చుట్టూ మెరిసే అంచుతో దొరుకుతాయి. పిల్లల్లో ఇంకా సున్నం గట్టిపడదు కాబట్టి అల్ట్రాసౌండు తప్పిపోవచ్చు. డిస్కు చుట్టూ బూడిదరంగు వడలా కనిపించే ఉబ్బుని డ్రూసెన్ అని రాసేస్తుంటారు. అది తీగలు పక్కకి ఒరిగి చేరడం మాత్రమే, నిజమైన వాపులోనూ కనిపిస్తుంది, ఉత్త ఉబ్బులోనూ కనిపిస్తుంది. ఇంకా తేలకపోతే చేతికి ఫ్లోరసీన్ రంగు సూది వేసి ఫోటోలు తీస్తారు. నిజమైన వాపులో రంగు డిస్కు నుంచి కారి అంచులు చెదిరిపోతాయి. డ్రూసెన్‌లో రంగు అంటుకుంటుంది గానీ కారదు. మర్నాటి వరకు మూత్రం నారింజ రంగులో వస్తుంది. ముందే చెప్పకపోతే, కిడ్నీ జబ్బు భయం ఉన్న ఊళ్లలో అదే ఇంకో రాద్ధాంతం.

ఒకే కంట్లో వాపుంటే సాధారణంగా పోటీ ఇద్దరి మధ్యే. 20 నుంచి 45 ఏళ్ల లోపు మనిషి, కన్ను తిప్పితే నొప్పి, రోజుల్లో చూపు పడిపోవడం, ఎర్ర రంగు వెలసినట్టు కనిపించడం: ఇది ఆప్టిక్ న్యూరైటిస్, అంటే నరం వాపు జబ్బు, వైపు. యాభై దాటిన, షుగరు, బీపీ ఉన్న మనిషి, పొద్దున లేచేసరికి ఒక కంట్లో కింది సగమో పై సగమో నల్లబడటం, నొప్పి లేకపోవడం: ఇది రక్తం అందక నరం దెబ్బతినడం. దీన్ని నైయాన్ అంటారు. ఇక్కడ స్కానింగు చేసే గొప్ప సాయం బాగున్న కంటిలో దొరుకుతుంది. నైయాన్ వచ్చేవాళ్ల రెండో కంటి డిస్కు చిన్నగా, కిక్కిరిసి, కప్పు దాదాపు లేకుండా ఉంటుంది. రెండో కంటి కప్పు 0.5, అంటే డిస్కులో సగం వెడల్పు, ఉంటే నైయాన్ అన్న నిర్ధారణని అనుమానించాలి. అరవై దాటినవాళ్లకి తలపోటు, నమిలితే దవడ నొప్పి ఉండి డిస్కు సున్నం కొట్టినట్టు తెల్లగా వాచి ఉంటే మాత్రం స్కానుల కోసం ఆగకూడదు. ఆ రోజే ఈఎస్సార్, సీఆర్పీ రక్త పరీక్షలు చేయించాలి, స్టెరాయిడ్ మొదలెట్టాలి. అది కణత ధమని వాపు, రెండో కంటిని రోజుల్లో తీసుకుపోతుంది. మనవాళ్లలో అరుదే గానీ లేకపోలేదు.

న్యూరైటిస్‌లో ఒక మోసం ఉంది. అమెరికాలో 1988లో మొదలైన పెద్ద పరిశోధనలో నొప్పి 92 శాతం మందికి ఉంది, డిస్కు వాపు మాత్రం 35 శాతానికే కనిపించింది. తక్కినవాళ్లకి వాపు కంటి వెనక ఉంటుంది. ఫోటో శుభ్రం, ఓసీటీ శుభ్రం, చూపు మాత్రం 6/60. అలాంటప్పుడు జబ్బుని పట్టేది టార్చి. ఒక కంటి నుంచి ఇంకో కంటికి వెలుగు మారుస్తూ చూస్తే దెబ్బతిన్న వైపు కంటిపాప ముడుచుకోవాల్సింది పోయి విచ్చుకుంటుంది. పాప విప్పే చుక్కల మందు వేశాక ఈ పరీక్ష ఇక చేయలేరు. ఆ చుక్కలు వేయకముందే టార్చి పరీక్ష, రంగుల పుస్తకం అయ్యాయా అని అడగడంలో తప్పు లేదు. రద్దీ ఉన్న ఓపీల్లో గుమ్మంలోనే చుక్కలు వేసేసే అలవాటు వల్ల పోయే సమాచారం ఇదే.

పలచబడిన నరంలో గీతలు

వాపు లేదు, పోగులు తగ్గాయి. ఇప్పుడు సగటు వదిలి ఆకారం చూడాలి.

నీటికాసులు డిస్కుని పైన, కింద తింటాయి, ముఖ్యంగా కణత వైపుకి వాలిన కింది మూలలో. గుంట నిలువునా సాగుతుంది, రిమ్ములో ఒకచోట గంటు పడుతుంది, అంచున సన్నటి రక్తపు గీత కనిపించవచ్చు. మిగిలిన రిమ్ము మాత్రం గులాబీ రంగులోనే ఉంటుంది. చూపు 6/6, రంగులు సరిగ్గా, చాలాకాలం వరకు. వేరే నరం జబ్బుల్లో దీనికి ఎదురు. రిమ్ము ఉంటుంది, పాలిపోయి ఉంటుంది. చూపు, రంగులు ముందే పోతాయి. గుంటని మించి పాలిపోయిన డిస్కు నీటికాసులది కాదని అనుమానించడం పాత పాఠమే, ఇంత మిషనరీ వచ్చినా దాన్ని మించింది లేదు. ఓసీటీ దీనికి ఒక కొలత ఇచ్చింది. బ్రూక్ పొర అంచు నుంచి రిమ్ము పైకి ఉండే అతి తక్కువ దూరం. నీటికాసుల్లో ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్, ఈ రిమ్ము వెడల్పు రెండూ తగ్గుతాయి. గడ్డ నొక్కినా, పాత న్యూరైటిస్ అయినా ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్ బాగా తగ్గి రిమ్ము వెడల్పు చాలావరకు మిగులుతుంది.

కప్పు పెద్దదయితే నీటికాసులే అనుకోవడం ఇంకో పొరపాటు. డిస్కు పెద్దదయితే కప్పూ పెద్దదే. 0.7 కప్పు ఉన్నా రిమ్ము చుట్టూ సమంగా ఉండి, మాక్యులా పొర 80 ఉండి, ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే నీటికాసుల చుక్కల మందు వేయడంలో అర్థం లేదు.

మాక్యులా పటంలో రంగు ఎక్కడ ఆగిందో చూడటం అన్నిటికన్నా అక్కరకొచ్చే పని. నష్టం అడ్డగీత దగ్గర, కణత వైపు మెట్టులా ఆగితే నీటికాసులు. అదే అడ్డగీత దగ్గర పై సగం మొత్తమో కింది సగం మొత్తమో పోయి, ఒక పూటలో వచ్చిన చరిత్ర ఉంటే నైయాన్. నిలువుగీత దగ్గర ఆగితే సంగతి కంటిది కాదు. రెండు కళ్లలోనూ ముక్కు వైపు సగం పలచబడితే నరాలు కలిసే చోట, పిట్యూటరీ దగ్గర, ఏదో నొక్కుతోంది. రెండు కళ్లలోనూ కుడి సగాలో ఎడమ సగాలో పోతే ఆ వెనక, మెదడులో. ఇలాంటి గీత మైనస్ పవరు కంటిలో రాదు, మిషను తప్పుతోనూ రాదు. చుట్టూ ఎంతమేర కనిపిస్తోందో కొలిచే ఫీల్డు టెస్టు చేయలేని ముసలివాళ్లలో, మీట నొక్కడం కుదరనివాళ్లలో ఈ పటమే ఫీల్డు టెస్టు పని చేస్తుంది.

కంటి ఒత్తిడి మామూలుగా ఉందని "నార్మల్ టెన్షన్" నీటికాసులు అని రాసిన కాగితాలు ఒకటికి రెండుసార్లు చూడాలి. వయసు 50 లోపు, చూపు 6/12 కన్నా తక్కువ, గుంటని మించిన పాలిపోత, ఫీల్డులో నిలువుగీత: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎమ్మారై తీయించాకే చుక్కలు మొదలెట్టడం మంచిది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లు ఎమ్మారై బల్ల ఎక్కకముందే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె చెప్పాలి, గడోలినియం మందు వేయాలో వద్దో దాన్ని బట్టే తేలుస్తారు.

టీబీ మాత్ర, కిడ్నీ, కన్ను

ఈ రెండు జిల్లాల్లో అందరూ తెలుసుకోవాల్సిన జోడీ ఇది. ప్రభుత్వ టీబీ చికిత్సలో మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు మందులు. ఎథాంబుటాల్ మొత్తం 6 నెలలూ ఉంటుంది. పెద్దల మాత్రలో ఇది 275 మిల్లీగ్రాములు. 35 నుంచి 49 కిలోల వాళ్లకి రోజుకి 3 మాత్రలు, అంటే 825 మిల్లీగ్రాములు. 49 కిలోల మనిషికి అది కిలోకి 17 దాకా పడుతుంది, 35 కిలోల మనిషికి 23 దాటుతుంది. కిలోకి 15 దగ్గర కంటి నరం దెబ్బ 1 శాతం కన్నా తక్కువ, 25 దగ్గర 5 నుంచి 6 శాతం. ఈ మందు బయటికి పోయే దారి కిడ్నీలు. కిడ్నీలు సగం పనిచేసే బక్కపలచని మనిషికి అదే మాత్ర అదే లెక్కన ఇస్తే రక్తంలో నిలవుండిపోతుంది. కిడ్నీ బాగా తగ్గినవాళ్లకి రోజూ కాకుండా వారానికి 3 సార్లు ఇచ్చే పద్ధతి అందుకే ఉంది. పలాస, కంచిలి, ఇచ్ఛాపురం వైపు టీబీ మందులు మొదలెట్టే ముందు క్రియాటినిన్ చూడకపోతే, చూడాల్సిందేదీ చూడనట్టే.

కంటి దెబ్బ మందు మొదలైన మొదటి వారాల్లో రాదు, సాధారణంగా రెండో నెల తర్వాత. రెండు కళ్లకీ దాదాపు సమంగా, నొప్పి లేకుండా. చూస్తున్న చోటే మసక, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోవడం. ఈ దశలో డిస్కు ఫోటో పూర్తిగా మామూలుగా ఉంటుంది. ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా పచ్చగానే ఉంటుంది, ఒక్కోసారి కాస్త ఉబ్బుతుంది కూడా. ముందు పలచబడేది మాక్యులా గ్యాంగ్లియన్ పొర, డిస్కు వైపు భాగం. ఆ తర్వాత నెలలకి డిస్కు కణత వైపు పాలిపోతుంది. ఫోటోలో పాలిపోత కోసం ఎదురు చూస్తే ఆలస్యమైపోయినట్టే. కాబట్టి మందు మొదలెట్టే రోజునే చూపు, రంగుల పుస్తకం పరీక్ష రాసి పెట్టుకుని, కిడ్నీ జబ్బున్నవాళ్లకి నెలనెలా పోల్చాలి. వీలైతే మొదటి నెలలోనే ఒక మాక్యులా స్కాను తీసి దాచుకోవాలి. మసక మొదలైతే మాత్రలన్నీ సొంతంగా ఆపేయడం తప్పు. ఆపాల్సింది ఎథాంబుటాల్ ఒక్కటే, అదీ టీబీ డాక్టరు చేత, బదులు మందుతో. మందులకి లొంగని టీబీలో వాడే లినెజోలిడ్ కూడా నెలల మీద ఇలాంటి దెబ్బే తీస్తుంది. అందులో డిస్కు కాస్త వాచి కనిపించవచ్చు, సమయానికి ఆపితే చాలామందికి చూపు తిరిగొస్తుంది.

కల్తీ సారాలోని మిథనాల్‌ది వేరే వేగం. 12 నుంచి 24 గంటల్లో చూపు తెల్లటి మంచులా మారుతుంది, డిస్కు ఎర్రగా వాస్తుంది, నెలల తర్వాత పాలిపోయి గుంటలు కూడా పడి అచ్చం నీటికాసుల్లా కనిపిస్తుంది. ఏళ్ల తర్వాత ఆ డిస్కు చూసినవాళ్లకి చరిత్ర ఎవరూ చెప్పకపోతే చుక్కల మందు జీవితాంతం పడుతుంది.

రెండు తేదీల మధ్య

పాపిలెడీమా రోగి ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్ మార్చిలో 210, జూన్‌లో 100 అయిందనుకోండి. వాపు తగ్గిందని సంతోషించాలా, పోగులు చచ్చిపోయాయని భయపడాలా? ఆ అంకె చెప్పదు. మాక్యులా పొర 80 దగ్గరే నిలిచి ఉంటే మందు పనిచేసింది. అదే పొర 62కి దిగితే ఆ వందలో ఇంకా వాపు ఉంది, దాని కింద నరం పోతోంది. న్యూరైటిస్‌లోనూ ఇంతే. వాపు దిగి ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్ అసలు నష్టాన్ని చూపించడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది, మాక్యులా పొర మొదటి నెలలోనే దిగడం మొదలవుతుంది. పాత న్యూరైటిస్ ఏ కంటికి వచ్చిందో ఇప్పుడు పట్టాలంటే రంగులు వదిలేసి రెండు కళ్ల తేడా చూస్తారు. ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 5, 6 మైక్రాన్లు, మాక్యులా పొరలో 4 మైక్రాన్ల తేడా ఉంటే, రెండు కళ్లూ పచ్చ గళ్లలోనే ఉన్నా, తక్కువున్న కన్ను ఎప్పుడో దెబ్బతిందని అర్థం.

నీటికాసుల్లో మార్పు ఏళ్ల మీద వస్తుంది. సగటులో 5 మైక్రాన్ల కన్నా తక్కువ తేడా మిషను ఊగిసలాటలో కలిసిపోతుంది. 50, 55 మైక్రాన్ల దగ్గర పొర అడుగుకి చేరుతుంది. ఆ తర్వాత మిగిలేది రక్తనాళాలు, మద్దతు కణాలే, జబ్బు ముదిరినా అంకె కదలదు. అక్కడి నుంచి ఫీల్డు టెస్టే దిక్కు.

స్కాను చెడే తీర్లు

సిర్రస్ కాగితం మీద సిగ్నల్ 10కి 6 కన్నా తక్కువ ఉంటే, స్పెక్ట్రాలిస్ మిషన్లో నాణ్యత చెప్పే క్యూ అంకె 15 దాటకపోతే, ఆ స్కాను మళ్లీ తీయించాలి. శుక్లం ముదిరితే, కన్ను పొడిబారితే వెలుగు తగ్గి మిషను పొరని ఉన్నదానికన్నా పలచగా కొలుస్తుంది. శుక్లం ఆపరేషన్ తర్వాత "నరం మెరుగైంది" అని కనిపించే కొలతలు చాలావరకు ఇవే. తీసే ముందు ఒక చుక్క కంటి తడి మందు వేసి, రెప్పలు రెండుసార్లు కొట్టమంటే సిగ్నల్ మెరుగుపడొచ్చు. వలయం డిస్కు మధ్యన లేకపోతే ఒకవైపు మందంగా, ఎదుటివైపు పలచగా వస్తుంది. రెప్ప వాలిన చోట పటంలో నల్ల పట్టీ పడుతుంది, మిషను దాన్ని సున్నాగా లెక్కేస్తుంది. విట్రియస్ పొరని రెటీనా అంచుగా పొరబడి గీత గీసినప్పుడు ఆ చోట ఉన్నట్టుండి 140 కనిపిస్తుంది. ఇవన్నీ అడుగున ఉండే బూడిదరంగు కోత బొమ్మలో కంటికి కనిపిస్తాయి. రంగు గళ్లు చూసి ఆ బొమ్మ చూడనివాళ్లు కాగితం సగమే చదివినట్టు.

ఒక మిషను అంకెని ఇంకో మిషను అంకెతో తీసివేయడం కుదరదు. బొబ్బిలిలో ఒక కంపెనీది, విశాఖలో ఇంకో కంపెనీది అయితే 8, 10 మైక్రాన్ల తేడా జబ్బు లేకుండానే వస్తుంది. ఏళ్ల తరబడి చూపించుకోవాల్సినవాళ్లు ఒకే చోట, ఒకే మిషను మీద తీయించుకోవడం మంచిది.

చేతిలో పట్టుకునే కెమెరాలు, కంప్యూటరు చేత డిస్కు చదివించే పద్ధతులు పల్లెలకి చేరుతున్నాయి. 2020లో వెలువడిన ఒక బహుళదేశాల అధ్యయనంలో ఫోటో చూసి పాపిలెడీమాని పట్టడంలో కంప్యూటరు 96.4 శాతం కేసుల్ని పట్టింది, లేనివాళ్లలో 84.7 శాతం మందిని లేదని సరిగ్గా చెప్పింది. ఈ అంకెలు కంటాసుపత్రికి వచ్చినవాళ్లవి. 1000 మందిలో 10 మందికే జబ్బుండే చోట అదే కెమెరా పెడితే, ఆ 10 మందినీ పట్టినా ఏ జబ్బూ లేని 150 మందిని కూడా ఉందని చెప్తుంది. ఆ 160 మందిని శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లు విశాఖ పంపడమా, అక్కడికక్కడే బీపీ చూసి, తలనొప్పి అడిగి, అల్ట్రాసౌండుతో డ్రూసెన్ తీసేసి పది, పదిహేను మందిని పంపడమా అన్నది కెమెరా తేల్చే పని కాదు.

విశాఖ ప్రాంతీయ నేత్ర వైద్యశాలకో, ఇంకో పెద్దాసుపత్రికో పంపినప్పుడు వెంట తీసుకెళ్లాల్సినవి: మొదటి స్కాను నుంచి అన్ని కాగితాలు, తేదీల వరసలో. మాక్యులా స్కాను విడిగా. డిస్కు ఫోటో సెల్‌ఫోన్లో అయినా సరే, వాపు ఉన్న రోజుది. వాడుతున్న మాత్రల అట్టలు, టీబీ కార్డు, బరువు, క్రియాటినిన్, ఆ పూట బీపీ. రంగు కాగితాన్ని నలుపు తెలుపు జెరాక్స్ తీస్తే ఎరుపు, ఆకుపచ్చ ఒకే బూడిదరంగులోకి మారతాయి గానీ అంకెలు, కోత బొమ్మ అలాగే ఉంటాయి, ఆ జెరాక్సయినా పారేయకూడదు. ఇంటి నుంచి బండి మీద వెళ్లేవాళ్లు ఇంకొకరిని వెంటబెట్టుకోవాలి. పాప విప్పే చుక్కల మందు వేశాక నాలుగు నుంచి ఆరు గంటల దాకా ఎండలో కళ్లు తెరవలేరు, బండి నడపకూడదు.